తాళాలాయన వేషం

బట్టల బీరువాలో తల పెట్టి మాట్లాడితే గొంతు బాగా వస్తుందని కనిపెట్టింది చిట్టి. అంతకుముందు వంటింట్లో రికార్డు చేస్తే వెనకాల ఫ్రిజ్ మూలుగు వినపడేది. హాల్లో చేస్తే వీధి మొత్తం వచ్చి మధ్యలో కూర్చునేది. పడకగదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చొక్కాల మధ్య మైకు తగిలించి, వదినా ఆడపడుచులిద్దరూ చెరో పీట వేసుకుని కూర్చుంటే మాత్రం పక్కింటావిడ గోడ మీంచి మాట్లాడుతున్నట్టే ఉండేది.

"ఊళ్లో కాపురాలు సరిదిద్దేవాళ్లు బీరువాలో దూరారని తెలిస్తే జనం నవ్విపోతారు," అనేవాడు అన్నయ్య. అంటే చిట్టికి అన్నయ్య, వదినకు మొగుడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. పొద్దున్నే చొక్కా కావాలంటే మైకు పక్కకు జరిపి తీసుకోవాలి.

"నవ్వనీ అన్నయ్యా. ఇన్నాళ్లకి నీ చొక్కాలు ఒక పనికొచ్చాయి," అనేది చిట్టి.

ఆ వ్యాపారం పేరు 'వదినకు చెప్పు', ఫోన్లో వినే కార్యక్రమం. వదిన అంతకుముందు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ అమ్మే కంపెనీలో ఫోన్లో కంప్లైంట్లు వినేది. జుట్టు నెరవడం మొదలైంది ఆ కుర్చీలోనే. ఫోన్ చేసినవాళ్లు ముందు ఫ్రిజ్ చల్లబడటం లేదనేవాళ్లు. కాస్త ఊఁ కొడితే, "బాగు చేయిద్దామంటే మా ఆయన పట్టించుకోరమ్మా" అనేవాళ్లు. ఇంకాస్త ఊఁ కొడితే ఫ్రిజ్ సంగతి మర్చిపోయి ఇంటి సంగతి మొదలుపెట్టేవాళ్లు. ఒకావిడైతే మెషిన్ బాగైపోయాక కూడా వారం వారం చేసేది. మెకానిక్ వెళ్లి చూసి, మెషిన్ భేషుగ్గా ఉందని చెప్పి తల గోక్కునేవాడు. భేషుగ్గా లేనిదేమిటో వదినకు తెలుసు. కానీ దానికి కంపెనీలో స్పేర్ పార్టు లేదు.

తర్వాత కంపెనీవాళ్లు ఆ కుర్చీలన్నీ ఎత్తేసి మిషను గొంతు పెట్టారు. వదిన ఇంటిపట్టున ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే చిట్టి తన కాపురానికి ఓ దండం పెట్టి, రెండు సూట్‌కేసులతో అన్నయ్య ఇంటికి వచ్చేసింది. ఒక ట్యుటోరియల్ కాలేజీకి వెబ్‌సైట్ చూసిపెట్టే ఉద్యోగం ఆమెది. పాత కంప్లైంట్లవాళ్లు కొందరు వదిన నంబరు సంపాదించి ఇంకా ఫోన్లు చేస్తుండటం ఆమె గమనించింది.

"వదినా, నువ్వు ఊరందరి ఏడుపూ ఉచితంగా వింటున్నావు. ఉచితంగా ఇచ్చిన సలహా ఎవరూ పాటించరు. ధర పెడదాం," అంది.

"ఏడుపుకి ధరేంటే?"

"ఏడుపుకి కాదు. జవాబుకి."

వదిన అత్తగారికి, అంటే చిట్టి తల్లికి, ఫోన్లో చెబితే పగలబడి నవ్వింది. "వదినా ఆడపడుచూ కలిసి కాపురాలు నిలబెడతారా? పిల్లీ ఎలుకా కలిసి పాలకొట్టు పెట్టినట్టుంది!"

నిజానికి ఆ మాటే వాళ్లకు పెట్టుబడి అయింది. ప్రతి ప్రశ్నకీ రెండు జవాబులు. వదిన సర్దిచెబుతుంది, చిట్టి తేల్చిచెబుతుంది. పొసగకపోతే మైకు ముందే దెబ్బలాడుకుంటారు. చివర్న ఇద్దరూ కలిసి, "మూడో జవాబు మీది" అంటారు. వినడం అందరికీ ఉచితం. ప్రశ్న పంపాలంటే చందా కట్టాలి. ఆ ప్రశ్న కూడా రాసి పంపకూడదు, గొంతుతో చెప్పి పంపాలి. "రాతలో అందరూ మంచివాళ్లే. నొప్పి ఎక్కడుందో గొంతులోనే తెలుస్తుంది," అనేది వదిన. ఆ గొంతులు ఇద్దరి చెవులూ దాటి పోవని సైట్లో అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో రాసి ఉండేది.

అందుకే ప్రతి కథనీ వదిన తన గొంతుతో మళ్లీ చెప్పేది, మనుషులు గుర్తుకు రాకుండా మార్చి. ఆ పనిని వాళ్లు వేషం కట్టడం అనుకునేవాళ్లు. లాయరుని బేకరీ యజమానిని చేసేది. అక్కాచెల్లెళ్లని అన్నదమ్ముల్ని చేసేది. ముగ్గురు పిల్లల తల్లికి ఒక పిల్లాణ్ణీ ఒక కుక్కనీ ఇచ్చేది. "కట్టు మార్చొచ్చు గానీ పుండు మార్చకూడదే," అని చిట్టికి నేర్పింది. ఎంత నమ్మకంగా కట్టేదంటే, ఒకసారి ఒకావిడ తన కథే విని, "పాపం, ఆవిడది నాకంటే కష్టం వదినగారూ" అని చెప్పి పంపింది.

ఆ నేర్పే కొంప ముంచింది.

*

ఒకరోజు వచ్చిన ప్రశ్నలో మొదటి ముక్క వినగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గొంతు తెలియనివాళ్లు ఊళ్లో లేరు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యమో, పొద్దున్నుంచి సాయంత్రందాకా బస్టాండు మైకులో చెప్పే గొంతు అది.

"నమస్కారం వదినగారూ," అంది, ప్రయాణికులకు చెప్పినట్టే. "నేను ఒక్క మాట చెబితే వందమంది సామాన్లెత్తుకుని పరిగెడతారు. ఇంటికెళ్తే మా ఆయన ఊఁ అంటాడు. అంతే. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు. తిట్టడు, కొట్టడు, తాగడు. ఎవరితో చెప్పుకున్నా, ఇంకేం కావాలే నీకు అంటారు. మొన్న భోజనాల దగ్గర, ఇల్లు తగలబడుతోందండీ అన్నాను. ఊఁ అన్నాడు."

చిట్టి నవ్వాపుకోలేక చొక్కాల్లో మొహం దాచుకుంది. వదిన నవ్వలేదు.

ఈవిడకు వేషం గట్టిగా కట్టాలి. బస్టాండు మాటే రాకూడదు, గొంతు సంగతి అసలే రాకూడదు. వదిన కూర తరుగుతూ ఆలోచించింది. వంటింటి కిటికీలోంచి చూస్తే వీధికి అవతల, ఇస్త్రీ బండి పక్కన, మారు తాళంచెవులు చేసే పెద్దాయన డబ్బాకొట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఆయన భార్య క్యారియర్ తెచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఆయన తినడం అయ్యేదాకా ఉండి, గిన్నెలు సర్దుకుని వెళ్లిపోతుంది. ఆ కాసేపట్లో ఇద్దరి పెదవులూ కదలడం వదిన ఎప్పుడూ చూడలేదు. తను చూస్తున్నట్టు కూడా ఆమె అనుకోలేదు. చేతులు కూర తరుగుతుంటే కళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అలా బస్టాండు గొంతు భర్త తాళాలాయన అయ్యాడు. ఆవిడ క్యారియర్ మోసే ఇల్లాలైంది. బకెట్ కూడా వచ్చి కూర్చుంది. "ఊరందరి తలుపులూ తెరిచే మనిషి, ఇంటావిడ దగ్గర నోరు తెరవడు," అంది వదిన మైకులో. అన్నాక తన మాటకు తనకే ముచ్చటేసి, చివర్లో ఇంకోసారి అంది.

"క్యారియర్ ఓ వారం ఆపెయ్యమను. ఆకలేస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది," అని చిట్టి తీర్పిచ్చింది.

"అలా కాదే. ఆవిడ చెప్పడం మాని అడగాలి. ఊఁ అంటే సరిపోని ప్రశ్న ఒకటి అడగాలి. రోజుకొక్కటి చాలు," అంది వదిన.

ఆ భాగం ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు పాకింది. తలుపుల మాటని జనం బొమ్మలేసి పంచుకున్నారు. పెళ్లాలు మొగుళ్లకి పంపారు, మొగుళ్లు స్నేహితులకి పంపారు. చందాలు పెరిగాయి. పెళ్లి సంబంధాలు కుదిర్చే సైట్ వాళ్లు పిలిచి, ఆ తాళాలాయన భాగం ముందు మా ప్రకటన వేసుకుంటాం, ఏడాదికి ఒప్పందం రాసుకుందాం అన్నారు. చిట్టి రాజీనామా లేఖ టైపు చేసి దాచుకుంది. వేరే గది అద్దెకు తీసుకుని, గోడలకు మెత్తటి పలకలు కొట్టించి, బీరువాలోంచి బయటపడాలని ఆమె కోరిక.

"నా చొక్కాలకి విముక్తి," అన్నాడు అన్నయ్య.

*

ముందు వదినకు కనిపించింది బకెట్. మధ్యాహ్నం వేళ, కూర తరుగుతూ చూస్తే, ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీగానే ఉంది. తాళాలాయన ఏదో పొట్లం విప్పుకుని వీధికి వీపు పెట్టి తింటున్నాడు. ఆయన భార్యకు, పిన్నిగారికి, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

ఆ సాయంత్రం అన్నయ్య బండి తాళంచెవి చేయించుకుని వచ్చాడు. రోజూ వేసే జోకులేవీ వెయ్యలేదు.

"మీ తాళాలాయన్ని పట్టుకొచ్చింది మన వీధిలోంచేనా?" అని అడిగాడు.

వదిన చేతిలో గరిట ఆగింది. "ఏమైందండీ?"

"ఏమైందా? ఇస్త్రీ బండివాడు మొదలుకుని వచ్చినవాడల్లా అదే మాట. 'బాబాయ్, ఇవాళైనా నోరు తెరిచావా?' అని. ఆయన తలెత్తలేదు. నా తాళంచెవి చేసి, నా మొహం చూడకుండా చేతిలో పెట్టాడు. పెద్దావిడే మీకు చెప్పుకుందని అందరూ అనుకుంటున్నారు. ఆయన కూడా."

"పిన్నిగారు కాదండీ!"

"ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. ఆయనకు ఎవరు చెబుతారు?"

మర్నాడు పొద్దున తాళాలాయనే మెట్లెక్కి వచ్చాడు. తలుపు తెరవగానే ముందు తాళం వంక చూసి, బొటనవేలితో నొక్కాడు. "ఇది నేను వేసిందే. బిగుసుకోవడం లేదు కదా?"

"లేదు బాబాయ్‌గారూ. లోపలికి రండి."

"ఇక్కడ చాలమ్మా." గుమ్మంలోనే నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే వదినకు కష్టంగా అనిపించింది. "మా ఆవిడ మీకేదో చెప్పుకుందట."

"పిన్నిగారు మాకేమీ చెప్పలేదండీ. ఆవిడ మాకు ఫోనే చెయ్యలేదు."

"తనూ అదే అంటోంది. మరి బకెట్ సంగతి మీకెవరు చెప్పారు?"

వదిన చూపు వంటింటి వైపు పోయింది. లోపల్నుంచి చిట్టి వచ్చి పక్కన నిలబడింది.

"జనం నవ్వితే నవ్వారమ్మా, నాకు బాధ లేదు. ముసలాణ్ణి చూసి నవ్వితే పుణ్యమే వాళ్లకి. కానీ ఇన్నేళ్ల కాపురంలో తను ఒక్కసారి నాతో ఇది బాధగా ఉందని అనలేదు. నాతో చెప్పలేక మీతో చెప్పుకుందంటే, నేను ఎలాంటివాణ్ణో చూడండి. క్యారియర్ తేవద్దన్నాను. నా కోసం ఆ బకెట్ మీద కూర్చోవడం ఎందుకు? దాంతో తనకి కోపమొచ్చింది. చెయ్యని తప్పుకి నింద పడ్డాక ఈ ఇంట్లో ఉండనంటోంది. ఆదివారం వాళ్ల చెల్లెలింటికి వెళ్లిపోతానంటోంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ పంపిన గొంతు ఒక్కసారి వినిపించమ్మా. తనది కాదని ఈ చెవులతో వింటే చాలు. తాళం లోపల స్ప్రింగ్ కదిలితే పట్టుకునే చెవులివి. ఒక్క ముక్క చాలు."

"అది కుదరదు బాబాయ్‌గారూ. ఎవరి గొంతూ ఎవరికీ వినిపించమని మాటిచ్చాం."

"అయితే తనదే."

"తనది కాదు."

"కాకపోతే వినిపించడానికేం?"

ఆయన ఇంకోసారి తాళం నొక్కి చూసి, మెట్లు దిగాడు.

*

"ఒక్క ముక్కే కదా వదినా!" చిట్టి గదిలో అటూ ఇటూ తిరిగింది. "ఉత్త నమస్కారం వినిపించి ఆపేద్దాం. ఆయన సంసారం నిలబడుతుంది. పేరు చెప్పం కదా."

"ఆవిడకి పేరెందుకే? ఆ నమస్కారం రోజూ బస్టాండు మొత్తం వింటుంది. సాయంత్రానికల్లా ఇస్త్రీ బండి దగ్గర ఇంకో కథ మొదలవుతుంది."

"గొంతు మార్చి వినిపిద్దాం. దానికి యాప్‌లున్నాయి."

"మార్చిన గొంతు పిన్నిగారిది కాదని ఆయన ఎలా నమ్ముతాడు?"

చిట్టి కూలబడింది. "పోనీ, ఆవిడనే అడుగుదాం. ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది."

అడిగారు. జవాబు మధ్యాహ్నానికి వచ్చింది, వెనకాల బస్సు హారన్లతో.

"అయ్యో వదినగారూ, పెద్దాయన్ని తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోతోంది. కానీ నా గొంతు మాత్రం వద్దండీ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఎందుకో చెబితే నవ్వుతారు. మీ కథ మా ఆయన ఆఫీసులో ఎవరో వినిపించారట. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్లు తీసి, భోజనం దగ్గర నాకు మొత్తం చెప్పాడు. తాళాలవాడట, ఊరందరి తలుపులూ తెరుస్తాడట, ఇంట్లో నోరు తెరవడట, ఎంత రాతిగుండె చూశావా అన్నాడు. తన కథని తనే గుర్తుపట్టలేదు! నేను ఒక్కొక్క ప్రశ్న అడిగాను, మీరు చెప్పినట్టే. ఆ రోజు నుంచీ రోజూ మాట్లాడుతున్నాడు. తాళాలవాడి సంగతే, అయితేనేం. ఇప్పుడు నా గొంతు బయటికొస్తే, ఆ నోరు మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పండి."

చిట్టి రికార్డింగ్ ఆపింది.

"అసలువాడు గుర్తుపట్టలేదు. ఏ సంబంధం లేనాయన పట్టేశాడు," అంది చిట్టి. "మన వ్యాపారం భలే వ్యాపారం వదినా."

వదిన లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"బకెట్ సంగతి ఎవరు చెప్పారని అడిగాడు కదా. అది చెప్పొస్తాను. అది నాకు తెలిసిన సంగతే, ఎవరి గొంతూ అక్కర్లేదు."

చిట్టికి అర్థమైంది. "చెబితే, ఆ భాగం తీసెయ్యాల్సి వస్తుంది. ఒప్పందం ఆ భాగం మీదే ఉంది."

"తెలుసే."

"నా రాజీనామా..."

"తెలుసు."

చిట్టి కాసేపు వదిన చెప్పుల వంకే చూసింది. "సరే, వెళ్లు. నేను ఆపితే మాత్రం ఆగుతావా ఏం," అంది, మొహం పక్కకు తిప్పుకుని.

*

పిన్నిగారి ఇల్లు ఇస్త్రీ బండి వెనక సందులో ఉంది. మంచం మీద సంచీ తెరిచి ఉంది. బట్టలు మడతపెడుతూ, "రా అమ్మా," అంది, ఎందుకొచ్చావని అడగకుండా. వదిన చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ముందు అందులో ఏముందో నాకు వినిపించు. ఊరంతా విన్నారు. నింద పడ్డదాన్ని నేనొక్కదాన్నే వినలేదు. నా దగ్గర ఆ ఫోన్ లేదుగా."

అది అందరికీ తెరిచి ఉంచిన భాగమే. వదిన తన ఫోను మంచం మీద పెట్టి నొక్కింది. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. పిన్నిగారు బట్టలు మడత పెడుతూనే వింది. బకెట్ దగ్గరకు వచ్చేసరికి చేతులు ఆగాయి. తలుపుల మాట దగ్గర ఒకసారి నవ్వు కూడా వచ్చింది ఆవిడకి.

"బాధ ఇంకెవరిదో పిన్నిగారూ. మనిషి మాత్రం మీరే. మా వంటింటి కిటికీలోంచి చూసి, మిమ్మల్ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టాను. మిమ్మల్ని అడగలేదు."

"పొద్దున్నుంచీ ఆయన చెవుల్లో ఇనుము గోల," అంది పిన్నిగారు మెల్లగా. "తినే కాసేపైనా ప్రశాంతంగా ఉంటాడని నేను మాట్లాడను. నేనూ ఇంటిపని అంతా చేసుకుని వచ్చి, ఊరికే కూర్చుంటే హాయిగా ఉండేది. నిన్నటిదాకా అది హాయే అనుకున్నాను. ఇప్పుడు వింటుంటే..." ఆవిడ మడత పెట్టిన చీర మళ్లీ విప్పింది. "ఏమోనమ్మా. నువ్వు అంత బాగా చెప్పావు."

ఆ మాటకంటే ఆవిడ చెంప మీద ఒకటి కొట్టినా వదినకు తేలిగ్గా ఉండేది.

ఇద్దరూ కొట్టు దగ్గరకు వెళ్లారు. తాళాలాయన బిగింపులో తాళంచెవి పెట్టి ఆకురాయితో రుద్దుతున్నాడు. భార్యని చూసి చెయ్యి నెమ్మదించింది గానీ ఆపలేదు. పిన్నిగారింట్లో చెప్పిందే వదిన మళ్లీ చెప్పింది, కొంచెం కూడా వేషం కట్టకుండా. ఇస్త్రీ బండివాడు పెట్టె చొక్కా మీద అలాగే ఉంచి వింటున్నాడు.

"మీ కిటికీ ఏదమ్మా?" అన్నాడు పెద్దాయన.

చూపించింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి పైకి చూశాడు.

"అక్కణ్ణుంచి మేమిద్దరం కనిపిస్తామా?"

"కనిపిస్తారు."

"ఇన్నేళ్లుగా ఇక్కడ కూర్చున్నాను. ఆ కిటికీకి గ్రిల్లు తాళం కూడా నేనే వేశాను. అక్కణ్ణుంచి మేం ఎలా ఉంటామో ఎప్పుడూ అనుకోలేదు." ఆయన ఆకురాయి కింద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. "నీకలా అనిపించేదా?"

"ఊఁ," అంది పిన్నిగారు.

"ఎప్పుడు?"

"ఇవాళే. ఈవిడ చెబుతుంటే విని."

"అంతకుముందు?"

"అంతకుముందు లేదు. ఉందేమో తెలీదు. నువ్వు అడగలేదు, నేను అనుకోలేదు."

ఆయన ఏదో అనబోయి, వదిన ఇంకా అక్కడే ఉన్నదని గుర్తొచ్చి ఆగాడు. "ఆ తలుపుల మాట తీసెయ్యమ్మా," అన్నాడు. "బాగుంది. కానీ తీసెయ్."

"ఇవాళే తీసేస్తాను బాబాయ్‌గారూ."

ఇస్త్రీ బండివాడు, "నేనేదో సరదాకి అన్నాను బాబాయ్," అని సణిగాడు. "నీ సరదా తగలెయ్య, ముందు ఆ చొక్కా చూసుకో, కాలుతోంది," అన్నాడు పెద్దాయన. వదిన వీధి దాటుతూ వెనక్కి తిరిగి చూడలేదు. బకెట్ నేల మీద ఈడ్చిన చప్పుడు మాత్రం వినిపించింది.

*

ఆ సాయంత్రమే ఆ భాగం తీసేశారు. బీరువాలో కూర్చుని వదిన కొత్తది ఒకటి చెప్పింది, చిన్నదే. మీ కథలన్నిటికీ నేను వేషాలు కడతాను. బాధ నిజం, మనుషులు కల్పన. ఈసారి మాత్రం మా వీధిలో ఒక పెద్దాయన మొహం అడక్కుండా తీసుకుని ఇంకొకరికి అతికించాను. ఆయనకి, ఆయన ఇల్లాలికి ఆ బాధతో సంబంధం లేదు. క్షమించమని వాళ్లని అడిగాను, మీ ముందు ఇంకోసారి అడుగుతున్నాను. అంతే చెప్పింది.

సంబంధాల సైట్ వాళ్లు, మళ్లీ మాట్లాడుకుందాం అన్నారు. మళ్లీ మాట్లాడలేదు. ఇన్నాళ్లూ కట్టుకథలు వినిపించారా అని కొందరు చందా మానేశారు. ఇప్పుడు నమ్మకం కుదిరింది అని ఇంకొందరు కట్టారు గానీ, పోయినవాళ్లంత మంది లేరు. చిట్టి ఉద్యోగం మానలేదు. ఆ తర్వాత రెండు రోజులూ వదినతో పొడిపొడిగానే మాట్లాడింది. మూడోరోజు కూర తరగడానికి వచ్చి పక్కన కూర్చుని, కిటికీ వైపు వీపు పెట్టుకుంది.

"రాజీనామా లేఖ చెరిపెయ్యలేదు. దాచాను," అంది. "ఎప్పటికైనా పనికొస్తుంది."

"పనికొస్తుందిలే."

"మరి ఇకమీదట వేషాలెలా? కిటికీ చూడకూడదు, వీధి చూడకూడదు. ఎవరి మొహం అతికిస్తావు?"

పేపరు చదువుతున్న అన్నయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "నాది అతికించండి."

"మీదా?"

"నాదే. ప్రతి మొగుడూ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడని చెప్పు. ఎవరైనా గుర్తుపడితే నన్నే పడతారు. వ్యాపారానికి పెట్టుబడి పెట్టమని చిట్టి అడిగితే అప్పుడు లేదన్నాను కదా. ఇప్పుడు పరువు పెడుతున్నాను. ఉన్నదే కాస్త, జాగ్రత్తగా వాడుకోండి."

వాళ్లు జాగ్రత్తగా ఏమీ వాడలేదు. నెల తిరిగేసరికి ఆయన పెళ్లాం పుట్టినరోజు మర్చిపోయాడు, తోడల్లుడితో మాటలు మానేశాడు, గురక పెట్టి ఒకావిణ్ణి పుట్టింటికి తరిమాడు, ఇంకోచోట తల్లి మాట విని అద్దె ఇల్లు మారాడు. దుకాణంలో అద్దాలకు కొలతలిచ్చుకోవడానికి వచ్చినవాళ్లు, "ఏమండీ, ఈ వారం ఏం చేశారు?" అని అడిగేవాళ్లు. "ఈ వారం చాలా దారుణం. నాకే చెప్పడానికి నోరు రావడం లేదు," అనేవాడు గంభీరంగా. యజమాని మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆయన్ని చూడ్డానికే జనం వస్తున్నారని గమనించి ఊరుకున్నాడు.

బస్టాండు గొంతు మళ్లీ పలికింది ఆ రోజుల్లోనే.

"వదినగారూ, మీరు ఆ భాగం తీసేశారని మా ఆయనకి తెలిసింది. నిన్న భోజనం దగ్గర ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, తాళాలవాడు కల్పనైతే, అసలువాడు ఎవడంటావే అన్నాడు. నా మొహం వంకే చూస్తూ అడిగాడు. అనుమానమో, ఊరికే అడిగాడో తెలీదు. అన్నం చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ మళ్లీ అడుగుతాడు. ఏం చెప్పను?"

ఇది కార్యక్రమంలో వేసేది కాదు, ఆవిడకొక్కదానికే పంపాల్సిన జవాబు. అయినా అలవాటు కొద్దీ ఇద్దరూ బీరువా ముందు పీటలు వేసుకున్నారు. చిట్టి ముందు మైకు లాక్కుంది.

"నువ్వే అని చెప్పెయ్యండి. అంతే," అని వదిన వైపు చూసింది. వదిన ఇప్పుడు ఆగమంటుంది, సమయం చూసుకోమంటుంది, అక్కణ్ణుంచి దెబ్బలాట మొదలవుతుంది అనుకుంది.

వదిన వంటింటి వైపు తిరిగింది. వంటింటి కిటికీకి మొన్ననే ఒక పాత దుప్పటి ముక్క అడ్డం కట్టింది. దాని వెనక మధ్యాహ్నాలు ఆ బకెట్ దగ్గర ఏం జరుగుతోందో ఇప్పుడు ఆమెకు తెలియదు. పిన్నిగారు చెల్లెలింటికి వెళ్లలేదని మాత్రం తెలుసు.

"నాదీ అదే జవాబు," అంది చివరికి.

"అదేంటి వదినా! రెండు జవాబులకి చందా కట్టింది ఆవిడ."

"అయితే రెండోది చెబుతా, ఉండు." వదిన మైకు తన వైపు తిప్పుకుని, అన్నయ్య చొక్కా చెయ్యి పక్కకు తొలగించింది. "చెప్పెయ్యమ్మా. కానీ బస్టాండులో చెప్పే గొంతుతో కాదు. మామూలు గొంతుతో చెప్పు."